ఈ పటం ఎవరు వేయించారు?

యుద్ధ చిత్రం చూపగానే మా బొంగులూరు పిల్లలు "ఎవరు గెలిచారు సార్?" అంటారు. "ముందు, ఎవరు వేయించారో చెప్పండి" అంటాం మేము.

1780 సెప్టెంబరు 10న కంచి దగ్గర పొల్లిలూరులో హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ ఈస్టిండియా కంపెనీ దళాన్ని ఓడించారు. ఆ దళం మన గుంటూరు సీమ నుంచి కదిలి వెళ్లినదే. శ్రీరంగపట్నంలోని దరియా దౌలత్ మహలు గోడ మీద టిప్పు ఆ గెలుపును చిత్రింపజేశాడు. కంపెనీ సిపాయిలు చతురస్రంగా గుమిగూడి ఉంటారు. మధ్యలో మందుగుండు బండి పేలుతుంటుంది. వాళ్ల కర్నల్ బెయిలీ పల్లకీలో ఉంటాడు. టిప్పు మాత్రం ఏనుగు మీద కూర్చుని గులాబీ వాసన చూస్తుంటాడు! గెలిచే నాయకుడికి చెమట పట్టదన్నమాట. దర్బారు చిత్రకారులు పాటించే మర్యాద అది.

పొల్లిలూరులో బందీగా చిక్కిన డేవిడ్ బెయిర్డే 1799లో శ్రీరంగపట్నం కోట మీద దాడి నడిపాడు. (మన నిజాం సేన అప్పుడు కంపెనీ పక్షమే. పిల్లల దగ్గర ఇది దాచం.) 1839లో డేవిడ్ విల్కీ పూర్తిచేసిన పటంలో బెయిర్డ్ నిటారుగా నిలబడి ఉంటాడు, టిప్పు దేహం కింద పడి ఉంటుంది.

రెండు పటాలూ పక్కపక్కన పెడితే పిల్లలే పట్టేస్తారు. మొదటిదాన్ని గెలిచినవాడు వేయించుకున్నాడు, రెండోదాన్ని గెలిచినవాడి భార్య వేయించింది.