రాగి సరిపడని దేహం

రాగి పాత్రలో నిల్వ ఉంచిన నీరు ఆరోగ్యానికి మేలన్న మాట మన ఇళ్ళలో తరచు వినిపిస్తుంది. మా ఇంట పదకొండేళ్ళుగా రాగి చెంబు లేదు. నాకున్నది విల్సన్ వ్యాధి. 1912లో దీనిని సవివరంగా వర్ణించిన వైద్యుడు కిన్నియర్ విల్సన్ పేరే దీనికి స్థిరపడింది.

రాగి కొద్దిపాటిగా అందరికీ అవసరమే. మిగిలినదానిని కాలేయం పైత్యరసం ద్వారా విసర్జిస్తుంది. అందుకు తోడ్పడే జన్యువు లోపిస్తే రాగి కాలేయంలోనూ, మెదడులోనూ, కళ్ళలోనూ పేరుకుపోతుంది.

డిగ్రీ రెండవ సంవత్సరంలో నా చేయి వణకసాగింది. మాట ముద్దయింది. పరీక్షల భయమని కొందరు, గాలి సోకిందని మరికొందరు అన్నారు. ఏడాదిన్నర తరువాత ఒక కంటి వైద్యురాలు కార్నియా అంచున గోధుమవన్నె వలయాన్ని గమనించారు. రక్తపరీక్ష, 24 గంటల మూత్రపరీక్ష ఆమె అనుమానాన్ని ధ్రువపరచాయి.

నేను వాడే పెనిసిల్లమిన్ ఈ రోగులకు ఉపకరిస్తుందని 1956లో డాక్టర్ జాన్ వాల్ష్ చూపారు. అది రాగిని మూత్రం ద్వారా వెలుపలికి పంపుతుంది. దానిని ఖాళీ కడుపుతో, జీవితాంతం వాడాలి. నెమ్మదించిందని మానివేస్తే కాలేయం విఫలమయ్యే ప్రమాదముంది. బక్రీద్ నాడు ఇంటిల్లిపాదీ తినే కలేజీని నేను ముట్టను. రోగికి రోజా నుండి లభించిన మినహాయింపు అల్లాహ్ కారుణ్యమని అబ్బా నచ్చజెప్పారు. వైద్యులు వద్దన్న సంవత్సరాలలో ఫిద్యా చెల్లించాము.

అమ్మీ, అబ్బా మేనత్త మేనమామల పిల్లలు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యులోపం చెరొకటి దాగి ఉంటే, ప్రతి బిడ్డకూ వ్యాధి సోకే అవకాశం 25 శాతం. అందుకే నా తోబుట్టువులకు పరీక్షలు చేయించారు. ఏ లక్షణమూ లేని తమ్మునిలో కూడా వ్యాధి బయటపడింది. వెంటనే మందు మొదలైనందున, అల్‌హందులిల్లాహ్, అతని చేయి నేటికీ వణకలేదు. నా మాటలో తడబాటు కొంత మిగిలిపోయింది.

సంబంధాలు చూసేటప్పుడు, "ఈ సంగతి చెప్పకండి, మందు చాటుగా వేసుకుంటుంది" అని పెద్దలు కొందరు సలహా ఇచ్చారు. లోపాన్ని దాచి చేసే నికాహ్ మోసమేనని అబ్బా ససేమిరా అన్నారు. రెండు సంబంధాలు వెనుదిరిగాయి. మూడవవారు మా వైద్యుణ్ణి కలిసి మాట్లాడాలన్నారు. వరుడు బంధువు కానందున బిడ్డలకు వ్యాధి వచ్చే అవకాశం చాలా తక్కువని ఆయన వివరించారు. వారు విన్నారు, ఆలోచించుకున్నారు, అంగీకరించారు.

గర్భవతిగా ఉన్నప్పుడూ మందు ఆపలేదు. వైద్యులు మోతాదు సవరించారు. మా పాపకిప్పుడు మూడేళ్ళు. నా నుండి ఒక లోపపు జన్యువు ఆమెకు తప్పక సంక్రమించింది. అయితే ఆమె రోగి కాదని పరీక్షలో తేలింది.

సోదరీమణులారా! కారణం తెలియని కామెర్లు, చేతి వణుకు, మాట తడబాటు యువతీయువకులలో కనిపిస్తే తాయెత్తుతో సరిపెట్టక వైద్యునికి చూపించండి. ఇంట ఒకరికి ఈ వ్యాధి ఉందని తెలిస్తే తోబుట్టువులందరికీ పరీక్ష చేయించండి. రేపు మా పాపకు మేనరికపు సంబంధం వస్తే, కట్నకానుకల మాటకన్నా ముందు జన్యు పరీక్ష మాట రావాలని మేమిద్దరమూ ఇప్పుడే నిశ్చయించుకున్నాము.