సముద్ర కయాకింగ్

సముద్ర కయాకింగ్ అనగా కయాక్ అనే పొడవైన, సన్నని పడవలో కూర్చొని, రెండు చివరలా రెక్కలున్న తెడ్డు వేస్తూ సముద్రంపై ప్రయాణించే క్రీడ. ప్రశాంతమైన నీటిపై ఇది సులభమైన వినోదమే. బలమైన పోటుపాటులు, ఈదురుగాలులు ఉన్న తీరంలో మాత్రం ఇది పరిజ్ఞానం, శిక్షణ, కలిసికట్టుతనం మూడూ అవసరమైన సాహసక్రీడ. బ్రిటన్‌లోని వేల్స్ వాయవ్య మూలనున్న ఆంగ్లసీ దీవి ఇందుకు పేరుపొందిన ప్రదేశాలలో ఒకటి. వారాంతపు సెలవులలో శిక్షణ కోసం, అభ్యాసం కోసం అనేకులు ఇక్కడికి వస్తారు.

చరిత్ర

కయాక్‌ను మొదట రూపొందించినవారు ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్, అల్యూట్ జాతులవారు. కొట్టుకువచ్చిన కలపతోను, తిమింగలపు ఎముకలతోను చట్రం కట్టి, దానిపై సీల్ చర్మం బిగించి ఈ పడవను తయారుచేసేవారు. సీల్ వంటి జంతువుల వేట దీని ముఖ్య ప్రయోజనం. పడవ బోర్లాపడినపుడు అందులోనుండి బయటకు రాకుండానే తెడ్డు సాయంతో తిరిగి నిటారుగా లేచే విద్యను గ్రీన్‌లాండ్ వేటగాళ్ళు అభివృద్ధి చేశారు. నేటి క్రీడాకారులు నేర్చే "రోల్" ఇదే.

జర్మనీకి చెందిన ఆస్కార్ స్పెక్ 1932లో ఉల్మ్ నగరం నుండి మడతపెట్టే కయాక్‌లో బయలుదేరి, భారతదేశం, సింహళం, బర్మా తీరాల మీదుగా 1939లో ఆస్ట్రేలియా భూభాగం చేరాడు. అప్పటికే రెండవ ప్రపంచ యుద్ధం మొదలైనందున, శత్రుదేశస్థుడని అతనిని నిర్బంధించారు.

పడవ, పరికరాలు

సముద్ర కయాక్ సాధారణంగా 5 నుండి 5.5 మీటర్ల పొడవు, 50 నుండి 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. లోపల ముందు, వెనుక భాగాలలో అడ్డుగోడలుంటాయి. అందువలన పడవ బోర్లాపడినా ఆ గదులలోకి నీరు చేరదు, పడవ తేలుతూనే ఉంటుంది. కూర్చునే రంధ్రం చుట్టూ నడుముకు బిగించుకొనే స్ప్రే స్కర్ట్ కెరటాల నీటిని లోపలికి రానివ్వదు. లైఫ్ జాకెట్, చలినీటికి తగిన దుస్తులు, దిక్సూచి, పటము, లాగే తాడు, రేడియో, ప్రమాద సంకేతాలనిచ్చే ఫ్లేర్‌లు తప్పనిసరిగా భావించబడతాయి.

పోటుపాటుల లెక్క

చంద్రుడు, సూర్యుల ఆకర్షణ వలన సముద్రమట్టం పెరగడాన్ని పోటు అని, తగ్గడాన్ని పాటు అని అంటారు. అనేక తీరాలలో ఒక పోటుకు, మరొక పోటుకు మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. కనుక పోటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు వెనుకకు జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి దినాల తరువాత ఒకటి రెండు రోజులలో పెద్ద పోటులు, అష్టమి దినాల దరిదాపులలో చిన్న పోటులు వస్తాయి.

నీటిమట్టం ఎల్లవేళలా ఒకే వేగంతో మారదు. దీనిని అంచనా వేయడానికి నావికులు "పన్నెండవ వంతుల నియమం" వాడతారు. ఆరు గంటలలో మొత్తం పెరుగుదలను పన్నెండు భాగాలు చేస్తే, మొదటి గంటలో 1, రెండవ గంటలో 2, మూడు, నాలుగవ గంటలలో 3 చొప్పున, ఐదవ గంటలో 2, చివరి గంటలో 1 భాగం చొప్పున నీరు పెరుగుతుంది. ఉదాహరణకు పోటు ఎత్తు 4.8 మీటర్లయితే మొదటి గంటలో పెరిగేది 0.4 మీటరు మాత్రమే. మూడవ గంటలో 1.2 మీటర్లు. ప్రవాహం కూడా సాధారణంగా నడిమి గంటలలోనే అతి బలంగా ఉంటుంది. అయితే నీటిమట్టం గరిష్ఠమయ్యే సమయము, ప్రవాహం దిశ మారే సమయము అన్నిచోట్లా ఒకటి కావు. కనుక పోటు పట్టికతోపాటు ప్రవాహాల పటాన్ని కూడా చూడవలసి ఉంటుంది.

విశాఖపట్నం తీరంలో పెద్ద పోటు, పాటుల మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటరు. ఆంగ్లసీలోని హోలీహెడ్ వద్ద ఇది దాదాపు 5 మీటర్లు. ఇంత నీరు ఆరు గంటలలో రాతి కొనల చుట్టూ, ఇరుకైన జలసంధుల గుండా కదలవలసి రావడమే అక్కడి ప్రవాహాల బలానికి కారణం.

ఆంగ్లసీ తీరం

హోలీహెడ్ సమీపాన సౌత్ స్టాక్, నార్త్ స్టాక్, పెన్రిన్ మావర్ అనే రాతి కొనల వద్ద పోటు నీరు ఉరవడిగా పరుగెత్తి, ఒకేచోట నిలిచి విరిగే కెరటాలను లేపుతుంది. పెద్ద పోటు రోజులలో ఇక్కడి ప్రవాహం 5 నాట్లు లేదా అంతకు మించి ఉంటుంది. (ఒక నాట్ అనగా గంటకు 1.85 కిలోమీటర్లు.) సామాన్యంగా కయాక్ వేగం 3 నుండి 4 నాట్లు మాత్రమే. అనగా ఎంత బలంగా తెడ్డు వేసినా ఎదురు ప్రవాహంలో పడవ వెనుకకే పోతుంది.

ఈ తీరంలో పోటు ఉత్తర దిశగా, పాటు దక్షిణ దిశగా పారుతుంది. తరచుగా వీచే నైరుతి గాలి పాటుకు ఎదురు. గాలి, ప్రవాహం ఎదురెదురైనపుడు కెరటాలు దగ్గర దగ్గరగా, నిటారుగా లేస్తాయి. ప్రవాహం మారిన కొద్దిసేపటికే, అదే గాలిలో, అంతవరకు సాఫీగా ఉన్న నీరు ప్రమాదకరంగా మారవచ్చును.

రెండు రోజుల యాత్రకు ప్రణాళిక

అనుభవజ్ఞులు గమ్యాన్ని ముందు నిర్ణయించి వేళను తరువాత చూడరు. పోటు వేళను బట్టి గమ్యాన్ని నిర్ణయిస్తారు. రాతి కొనలను ప్రవాహం నిలకడగా ఉండే కొద్దిపాటి వ్యవధిలో దాటేలా బయలుదేరే సమయాన్ని వెనుకకు లెక్కిస్తారు. గాలి బలం ఎంత దాటితే యాత్ర మానుకోవాలో తీరంలోనే నిశ్చయించుకొంటారు. మధ్యలో దిగగలిగిన తీరాలను పటంపై గుర్తిస్తారు. వెళ్ళే దారిని, తిరిగివచ్చే వేళను తీరరక్షక దళానికి లేదా ఒడ్డున ఉన్నవారికి తెలుపుతారు. బృందంలో అందరికంటే బలహీనుడైన వ్యక్తి శక్తినే మొత్తం బృందం శక్తిగా లెక్కించడం ముఖ్య నియమం.

ఒడ్డు నుండి సముద్రం వైపుకు వీచే గాలి ప్రత్యేకంగా మోసకరమైనది. తీరం వద్ద నీరు అద్దంలా కనిపిస్తుంది. దూరం పోయేకొద్దీ కెరటాలు పెరుగుతాయి, తిరిగి రావడం కష్టమవుతుంది.

చలినీటిలో పడినవారికి మొదటి నిమిషాలలో ఊపిరి అదుపు తప్పుతుంది. తరువాత చేతుల పట్టు సడలుతుంది. శరీర ఉష్ణోగ్రత ప్రమాదస్థాయికి పడిపోవడం ఆ పిమ్మట జరుగుతుంది. కనుక పడినవారిని త్వరగా తిరిగి పడవలోకి ఎక్కించడమే రక్షణ అభ్యాసాలలో ప్రధానాంశం.

గుణపాఠాలు

రచయిత జార్జ్ ఆర్వెల్ 1947లో స్కాట్లాండ్‌లోని జురా దీవి వద్ద, కొరీవ్రెకన్ సుడిగుండం సమీపాన, మోటారు పడవలో వెళుతూ ప్రాణాపాయంలో చిక్కుకొన్నాడు. పోటు వేళను తప్పుగా లెక్కించడమే దానికి కారణం. ఇంజను ఊడి నీటిలో పడగా, తెడ్లు వేసుకొంటూ ఒక రాతి దిబ్బను చేరారు. అక్కడ పడవ బోల్తాపడింది. చేపలవారు వచ్చి అందరినీ రక్షించారు.

1993 మార్చి 22న ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లైమ్ బేలో జరిగిన దుర్ఘటన ఈ క్రీడ చరిత్రలో మరపురానిది. ప్లిమత్‌కు చెందిన ఒక పాఠశాల విద్యార్థులు ఎనిమిది మంది, వారి ఉపాధ్యాయుడు, ఇద్దరు శిక్షకులు లైమ్ రీజిస్ నుండి సమీపంలోని చార్మత్‌కు కయాక్‌లలో బయలుదేరారు. ఒడ్డు నుండి వీచే గాలి వారిని సముద్రంలోకి నెట్టివేసింది. స్ప్రే స్కర్ట్‌లు లేని పడవలు నీటితో నిండిపోయాయి. సహాయానికి కబురు అందడం ఆలస్యమైంది. పదహారు, పదిహేడేళ్ళ వయసు గల నలుగురు విద్యార్థులు మరణించారు. శిక్షకులకు సముద్రంపై బృందాన్ని నడిపించే అర్హత లేదని, భద్రత గురించి ఆ కేంద్రంలో అంతకుముందు పనిచేసినవారు హెచ్చరించినా నిర్వాహకులు లక్ష్యపెట్టలేదని విచారణలో తేలింది. 1994లో కేంద్రాన్ని నడిపిన సంస్థ, దాని అధిపతి నరహత్య నేరం క్రింద శిక్షింపబడ్డారు. ఈ నేరం క్రింద బ్రిటన్‌లో ఒక సంస్థకు శిక్ష పడడం అదే మొదటిసారి. మరణించిన పిల్లల తల్లిదండ్రుల ఆందోళన ఫలితంగా 1995లో పిల్లల సాహస కార్యక్రమ కేంద్రాల భద్రతా చట్టం వచ్చింది. తరువాతి సంవత్సరం నుండి అటువంటి కేంద్రాలకు లైసెన్సు విధానం అమలులోకి వచ్చింది.

ఆ రోజు తలపెట్టిన ప్రయాణం రెండు మైళ్ళు మాత్రమే.