గేదె కంటిలో పురుగులు: గుర్తించుట, చికిత్స

వానలు మొదలై ఈగలు ముసిరే రోజుల్లో సంఘాల తనిఖీకి వెళ్ళినపుడు మాకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉన్నది. "సార్, బర్రె కంట నీళ్ళు కారుతున్నయి, ఏం చుక్కలు వేయాలె?" చుక్కల పేరు చెప్పవలసినది పశువైద్యుడు. అయితే ఆయన వచ్చేలోపు సభ్యులు ఏమి చూడవలెనో, ఏమి చేయరాదో చెప్పుట మా బాధ్యత.

కొన్నేళ్ళ క్రితం బల్కంపేటలో ఒక సభ్యుని కొట్టంలో ఎడమ కన్ను సగం మూసుకుని నిలబడిన గేదెను చూశాము. మూడు వారాలుగా నీరు కారుతున్నదట. ఇంటివారు రోజూ కంట్లో ఉప్పుపొడి కొడుతున్నారు. ఇరుగుపొరుగు సలహా మీద పొగాకు నమిలి ఆ రసం కూడా ఊశారు. డాక్టరు వచ్చి కంట్లో మత్తు చుక్కలు వేసి, ముక్కువైపు మూలనుండే మూడవ రెప్పను మెల్లగా ఎత్తి చూపితే, దాని అడుగున తెల్లని దారప్పోగుల వంటివి నాలుగు కదులుతున్నవి. చిమటాతో తీశారు. చూపు నిలిచింది గాని నల్లగ్రుడ్డు మీద తెల్లమచ్చ మిగిలిపోయింది. పాలు తగ్గకపోయినా, అమ్మబోయినపుడు బేరగాడు ఆ మచ్చనే చూపి ధర విరిచాడు.

ఈ పురుగు పేరు థెలాజియా. మన ఆవులు, గేదెలలో ఎక్కువగా కనిపించేది థెలాజియా రోడేసీ అనే జాతి. పొడవు ఒకటి రెండు సెంటీమీటర్లు. రెప్పల లోపల, మూడవ రెప్ప కింద, కన్నీటి నాళాలలో నివసించును. దాని ఒంటి మీది పొర రంపపు పళ్ళ వలె ఉండుటచే కదిలినప్పుడల్లా కంటిని గీరును. నీరు కారుట, వెలుతురు చూడలేకపోవుట, ఎర్రబారుట అందువల్లనే. ఆ గీతల్లో చీము పట్టి, పుండై, చివరకు పువ్వు వేయును. ఇక అట్టి కంట్లో ఉప్పు కొడితే పురుగు చావదు, పుండు మాత్రం పెరుగును.

పురుగు కంట్లోకి ఎట్లా వచ్చును? దీనికి మన పక్కనే ఒక చరిత్ర ఉన్నది. బల్కంపేటను ఆనుకున్న బేగంపేటలో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. దోమ మలేరియా క్రిమిని మోయుటే కాదు, తన ఒంట్లో పెంచును కూడా అని అప్పుడు తేలింది. కంటి పురుగుదీ అదే దారి. పశువు ముఖాన వాలే ఒక రకం ఈగలు, ఇంటి ఈగకు దగ్గరి చుట్టాలు, కన్నీరు నాకునపుడు పురుగు పిల్లలను మింగును. అవి ఈగ ఒంట్లో రెండు నుండి నాలుగు వారాలు పెరిగి, అది మరో పశువు కంటిపై వాలినపుడు తొండం గుండా బయటపడును. అంటే ఒక్క పశువుకు పురుగులున్నా, ఈగలుంటే కొట్టమంతటికీ ముప్పే. ఆ ఈగ గ్రుడ్లు పెట్టేది తాజా పేడలో. నగరంలో కొట్టం పక్కనే పేడ కుప్ప వేసుకోక తప్పదని కొందరు వాదిస్తారు. రోజూ ఎత్తివేయలేనివారు కనీసం కుప్పను ప్లాస్టిక్ పట్టాతో గట్టిగా కప్పవలెను.

కంటనీరు కారిన ప్రతి పశువుకూ పురుగులే అనుకోరాదు. గడ్డి నలక గుచ్చుకున్నా, మొరాక్సెల్లా అనే సూక్ష్మజీవి వల్ల కన్ను ఎర్రబడినా, సర్రా వ్యాధి సోకినా ఇట్లే ఉండవచ్చును. సర్రాలో జ్వరం, నీరసం కూడా ఉండును. కొన్నిసార్లు తెల్లని దారం కంటిగ్రుడ్డు లోపలి నీటిలోనే ఈదుతూ కనిపించును. అది సెటేరియా అనే వేరే పురుగు, దోమల ద్వారా వచ్చును, గుర్రాలలో ఎక్కువ. దానిని చుక్కలతో కడుగుట కుదరదు, శస్త్రచికిత్స చేసి తీయవలెను. నగరవాసులకు నారాయణగూడ పశువైద్యశాల, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల అందుబాటులోనే ఉన్నవి.

థెలాజియాకైతే పురుగులను తీసి, కంటిని శుభ్రమైన ఉప్పునీటి ద్రావణంతో కడిగి, చీము పట్టకుండా మందు వేస్తారు. ఇది డాక్టరు వాడే సెలైను, పైన చెప్పిన ఉప్పుపొడి కాదు. నాళాలలో దాగినవాటికి లెవామిజోల్ గాని ఐవర్‌మెక్టిన్ గాని ఇస్తారు. ఇక్కడ పాల సంఘ సభ్యులు జాగ్రత్త పడవలెను. ఈ మందులు పాలలోకి దిగును. డాక్టరు అడగకున్నా "పాడిలో ఉన్నది" అని ముందే చెప్పి, ఎన్ని రోజులు పాలు పోయరాదో కాగితం మీద వ్రాయించుకొని కార్యదర్శికి చూపవలెను. దుకాణంలో తెచ్చి సొంతంగా సూది వేయుట మేము ఏ సంఘంలోనూ ఒప్పుకోము.

మనుషులకు కూడా సోకునా అని అడుగుతారు. బహు అరుదు. 2016లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రపు యువతి కంటి నుండి పశువులకు వచ్చే థెలాజియా గులోసా పురుగులు 14 తీశారు. మనిషిలో ఆ జాతి కనబడుట అదే మొదటిసారి.

చికిత్స అయిన పశువును కొన్నాళ్ళు నీడన కట్టి, ముఖాన ఈగ వాలకుండా చూడవలెను. కంటికి కనబడని పిల్ల పురుగులు మిగిలి పెద్దవి కావచ్చును గనుక, మూడు వారాలకు రెండు కళ్ళనూ, పక్కన కట్టిన పశువుల కళ్ళనూ మరల చూపించవలెను.