అడుగుల లెక్క కాదు, బరువు లెక్క

"అడుగుకి ఎంత పడుతుందండీ?" దూర సముద్రయానానికి సొంతంగా తెరచాప యాట్ కట్టించుకోవాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగే ప్రశ్న ఇదే. ఇంటికి చదరపు అడుగు లెక్క కట్టినట్టే పడవకూ కట్టొచ్చని వాళ్ల నమ్మకం. పడవల కట్టుబడికి అంచనాలు వేయడమే నా వృత్తి. అడుగుల లెక్క నమ్ముకుని మొదలుపెట్టిన పడవలు డబ్బు చాలక షెడ్డులోనే ఆగిపోవడం కళ్లారా చూశాను. అందుకే వచ్చినవాళ్లందరికీ చెబుతాను: పొడవు పక్కన పెట్టండి, బరువెంతో చూడండి.

పొడవు పెరిగితే వెడల్పు, లోతు కూడా పెరగాలి. 40 అడుగుల నమూనాను అదే పోలికలో 50 అడుగులకు పెంచితే పొడవు పెరిగేది పావు వంతే, బరువు మాత్రం దాదాపు రెట్టింపు. చెక్క, రెజిన్, ఫైబర్ గుడ్డ, పనిగంటలు అన్నీ దాని వెంటే పెరుగుతాయి. ఆ బరువును లాగడానికి పెద్ద తెరచాపలు కావాలి, వాటిని నిలబెట్టడానికి ఎత్తయిన మాస్టు కావాలి, తాళ్లు బిగించడానికి బలమైన వించీలు కావాలి. గాలి పడిపోయినప్పటికి పెద్ద ఇంజను, తుపానులో పట్టి ఆపడానికి బరువైన లంగరు. వీటిలో చాలా సామాను మనకు విదేశాల నుంచే రావాలి; సుంకం, రవాణా అదనం.

పడవ గుల్ల తయారై రంగు పడగానే సగం పని అయిపోయిందనిపిస్తుంది. నిజానికి మొత్తం ఖర్చులో గుల్ల వాటా సాధారణంగా మూడో వంతుకు మించదు. అసలు డబ్బు ఆ తర్వాతే కరుగుతుంది.

నమూనా ఎంపికలోనూ పొదుపు చేయొచ్చు. మనవాళ్లకు తెలిసిన పడవ ఐఎన్‌ఎస్‌వీ తారిణి సంగతి చూడండి. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు అందులోనే భూమిని చుట్టి, 2018 మే 21న తిరిగొచ్చారు. వాళ్లలో విశాఖపట్నం అమ్మాయి పి.స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. గోవాలోని దివార్ దీవిలో అక్వేరియస్ షిప్‌యార్డ్ ఆ పడవ కట్టింది. అంతకుముందు నౌకాదళానికి మాదేయి అనే తెరచాప పడవ కట్టి ఇచ్చిందీ ఆ యార్డే. రెండింటికీ డచ్ సంస్థ వాన్ డి స్టాట్ గీసిన టోంగా 56 నమూనాయే ఆధారం. సముద్రం మీద నిలిచిన నమూనా చేతికి వస్తుంటే కొత్తగా గీయించి, దాని తప్పులు మన డబ్బుతో దిద్దుకోవడం దేనికి?

కట్టిన పద్ధతిలోనూ పొదుపు ఉంది. సన్నటి చెక్క పట్టీలను వరసగా అతికించి, లోపలా బయటా ఫైబర్ గుడ్డను రెజిన్‌తో పరిస్తే గుల్ల తయారవుతుంది. అచ్చు అక్కర్లేదు. వందల పడవలు తీసే ఫ్యాక్టరీకి అచ్చు ఖర్చు తలా కాస్త పంచుకుపోతుంది. ఒక్క పడవకైతే అంతా మన నెత్తినే. అయితే మన తీరంలో ఈ పని వానాకాలంలో పెట్టుకోకూడదు. గాలిలో తేమ ఎక్కువైతే ఆరుతున్న ఎపాక్సీ రెజిన్ మీద జిగురు పొర కడుతుంది. దాన్ని కడిగి, రుద్దాకే తర్వాతి పొర వేయాలి. ఆ కూలి అంచనాలో ఎక్కడా కనిపించదు.

ఇక లోపలి సౌకర్యాలు. ఏసీ కావాలంటారు. దానికి జనరేటరు, జనరేటరుకు డీజిల్ ట్యాంకు, చల్లబరచడానికి సముద్రపు నీటి పంపు, పంపు కోసం గుల్లకు మరో రంధ్రం. ఒక్క కోరికకు ఇన్ని ఖర్చులు, ఇంత బరువు. ఫ్రిజ్, ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం, రెండో బాత్‌రూమ్ కథా ఇంతే. వడ్రంగం నున్నగా, సాదాగా ఉంటే చాలు. వంపులు, నగిషీలు పనిగంటలను మింగేస్తాయి. డెక్ మీద టేకు పరిపించడం నా దృష్టిలో అనవసరం. పని మొదలయ్యాక గదుల అమరిక మాత్రం మార్చకండి. ఒక అడ్డుగోడ జరిగితే వైర్లు, పైపులు, అలమర్లు అన్నీ ఊడదీయాల్సిందే.

కోత పెట్టకూడనివీ ఉన్నాయి: పడవ అడుగున ఉండే బరువైన కీల్‌ను పట్టి ఉంచే బోల్టులు, మాస్టును నిలబెట్టే ఉక్కు తీగలు, చుక్కాని. తారిణికి కూడా హిందూ మహాసముద్రంలో చుక్కాని తిప్పే యంత్రాంగం దెబ్బతింది. అనుకోకుండా మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో ఆగి బాగు చేయించుకోవాల్సి వచ్చింది. అలల దెబ్బ చుక్కాని మీద అంత గట్టిగా పడుతుంది. ఈ భాగాల్లో మిగిలే నాలుగు రూపాయల కోసం మనుషుల ప్రాణాలు పణంగా పెట్టకండి.

మీ డబ్బుకు 40 అడుగుల పడవ వస్తుందని లెక్క తేలితే 36 అడుగులది కట్టించుకోండి. అదే పోలికలో బరువు పావు వంతుకు పైగా తగ్గుతుంది. మిగిలిన డబ్బులో మంచి తెరచాపలు కొని, మొదటి ఏడాది మరమ్మతులకూ కొంత దాచండి.