వేడినీటికి ధర కట్టుట

రష్యా నగరములలో చాలా ఇండ్లను వెచ్చపరచుటకు ఇంటింటను పొయ్యి అక్కరలేదు. ఊరి కొకచోట పెద్ద బాయిలరులలోగాని, విద్యుత్కేంద్రములందలి ఆవిరితోగాని నీటిని కాచి, గొట్టముల ద్వారా ఇండ్లకు పంపుదురు. విద్యుత్కేంద్రపు వేడి అక్కడ మొట్టమొదట ఒక ఇంటికి చేరినది 1924లో, లెనిన్‌గ్రాడు నగరమున.

ఈ వేడిని కొలుచుట కష్టము కాదు. ఒక కిలోగ్రాము నీరు ఒక డిగ్రీ సెంటిగ్రేడు చల్లబడినచో 1,000 కెలొరీల ఉష్ణమును విడుచును. 80 డిగ్రీలతో ఇంటిలోనికి వచ్చిన నీరు 50 డిగ్రీలతో తిరిగి పోయినచో, ప్రతి కిలోగ్రాము 30,000 కెలొరీలను ఇంట విడిచి పోయినదన్నమాట. నీటి ప్రవాహమును, ఈ ఉష్ణోగ్రతా భేదమును కొలిచిన చాలును. రష్యాలో దీనిని గిగాకెలొరీలలో, అనగా 100 కోట్ల కెలొరీలు ఒక ప్రమాణముగా, లెక్కింతురు.

చిక్కంతయు ధరలోనే కలదు. ఊరికి గొట్టములు ఒకటే వరుస. అమ్మువాడును సాధారణముగా ఒక్కడే. కనుక ధరను ప్రభుత్వమే నిర్ణయింపవలసి వచ్చినది. పాత పద్ధతి ప్రకారము, సంస్థకైన ఖర్చుపై కొంత లాభము చేర్చి ధర కట్టెడివారు. వినుటకిది న్యాయముగనే ఉన్నది. కాని ఒక సంస్థ గొట్టములకు అధమ ఉష్ణవాహకమును దట్టముగా చుట్టించి, నూరు రూపాయల ఖర్చును ఎనుబదికి తగ్గించినదనుకొందము. తరువాతి లెక్కలో ధర కూడ ఆ మేరకు తగ్గిపోవును! గొట్టములను కారుచుండగా వదలిన సంస్థకో, నూరును వచ్చుచునే యుండును. పొదుపు చేసిన కొడుకు బత్తెము కోసి, దుబారా కొడుకునకు మిగిల్చిన తండ్రి తీర్పువంటి దిది. అట్టివాని గొట్టము నడిశీతకాలమున పగిలినచో చలికి వణుకువారు మాత్రము ఇండ్లలోనివారే.

2017లో రష్యా చేసిన చట్టము ఈ లెక్కను తలక్రిందులు చేసినది. సంస్థ ఖర్చును చూడక, అదే వేడి నిచ్చుటకు ఒక క్రొత్త బాయిలరును కట్టి, పది సంవత్సరములలో పెట్టుబడి రాబట్టుకొనుటకు ఎంత ధర కావలెనో గణింతురు. అదియే గరిష్ఠ పరిమితి. అంతకు లోబడి చేసిన పొదుపు సంస్థదే, నష్టమును దానిదే. ఈ పద్ధతిలో మొదట చేరిన నగరము ఆల్తాయి ప్రాంతమందలి రుబ్త్సోవ్స్కు (2018).

అయితే మిగిలిన సొమ్ము గొట్టముల బాగుకే పోవునని నమ్మక మేమి? లెక్కలోని బాయిలరు ఆ పూచీ ఇయ్యదు. అందుచే సంస్థ నగరముతో ఒడంబడిక చేసికొని, చేయవలసిన పనులను అందు వ్రాయవలెను. పూర్వపు ధర పరిమితికంటె తక్కువగా నున్న ఊళ్ళలో ఒక్కసారిగా పెంచక, కొన్ని సంవత్సరములపాటు మెట్లుమెట్లుగా పెంచుటకు చట్టము వీలు కల్పించినది.