లాకులు విరగకుండా బైకు ప్యానెళ్లు విప్పడం, బిగించడం

మోటారు సైకిల్ ప్యానెళ్లు ఎక్కువగా రెండు రకాల ప్లాస్టిక్‌తో తయారవుతాయి. రంగు వేసిన సైడ్ ప్యానెళ్లు, టెయిల్ ప్యానెళ్లు, హెడ్‌లైట్ డూమ్ సాధారణంగా ఏబీఎస్‌వి. ఏబీఎస్ గట్టిది, రంగు దాని మీద బాగా నిలుస్తుంది. కానీ కొద్దిగా వంగి, ఆ తర్వాత టప్పున విరుగుతుంది. రంగు వేయని మడ్‌గార్డులు, లోపలి కవర్లు చాలావరకు పాలీప్రొపిలీన్‌వి. అవి వంగుతాయి గానీ అంత తేలిగ్గా విరగవు. ప్యానెల్‌ను వెనక్కి తిప్పి చూస్తే ఏబీఎస్ అనో పీపీ అనో అచ్చులోనే పోసిన అక్షరాలు కనిపిస్తాయి.

ప్యానెల్ నడిమికి విరగడం అరుదు. విరిగేది అంచున ఉండే లాకు. పైకి కనిపించే స్క్రూలన్నీ తీసేశాం కాబట్టి ఇక ఊడి రావాలి కదా అని గట్టిగా లాగినప్పుడే అది పోతుంది. ప్యానెల్‌ను స్క్రూలు మాత్రమే పట్టి ఉంచవు. పక్క భాగంలోని గాడిలో దూరి ఉండే ప్లాస్టిక్ నాలుకలు, అంటే లాకులు, ఒక వైపు పట్టి ఉంచుతాయి. ఫ్రేముకో ట్యాంకుకో ఉన్న రబ్బరు గ్రోమెట్లలో దిగిన పిన్నులు మరో వైపు పట్టి ఉంచుతాయి. లాకును గాడి వెంబడి జరపాలి, పిన్నును తిన్నగా బయటికి లాగాలి. ఈ రెండింటినీ తారుమారు చేస్తే మాత్రం ఎంత ఖరీదైన ప్యానెలైనా నిలవదు.

పని సీటుతో మొదలవుతుంది. చాలా బళ్లలో సైడ్ ప్యానెళ్ల స్క్రూలు కొన్ని సీటు కిందే ఉంటాయి. యమహా ఆర్15 లాంటి ఫుల్ ఫెయిరింగ్ బళ్లలో ఒక ప్యానెల్ అంచు ఇంకోదాని కింద దూరి ఉంటుంది కాబట్టి పైనున్నదే ముందు రావాలి. ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ దొరికితే ఈ వరస అందులో ఉంటుంది. ఎండలో నిలిపిన బండి వేడెక్కి ఉంటే నీడలో చల్లారనివ్వాలి. చలికాలం తెల్లవారుజామున ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది, చలికి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది.

జపాన్ కంపెనీల బళ్లలోని స్టార్ స్క్రూలకు జపాన్ ప్రమాణపు తల ఉంటుంది. కొన్నింటి తల మీద చిన్న చుక్క కూడా కనిపిస్తుంది. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు. జారి తలను అరగదీస్తుంది, ఆ జారుడులోనే పక్కనున్న రంగు మీద గీత పడుతుంది. సరైన కొన ఉన్న స్క్రూడ్రైవర్‌ను గట్టిగా అదిమి తిప్పాలి. ప్లాస్టిక్ రివెట్లయితే ఎక్కువ రకాలకు నడిమి పిన్నును కొద్దిగా లోపలికి నొక్కితే పట్టు వదులుతుంది, తర్వాత మొత్తం రివెట్టు చేతికి వస్తుంది. కొన్నింటికి మాత్రం నడిమి తలను పైకి లేపాలి. తలకింద సందు ఉందో లేదో చూస్తే ఏ రకమో తెలుస్తుంది.

గ్రోమెట్లలోని పిన్నుల దగ్గరే అసలు ఓపిక కావాలి. ఒక చేత్తో ప్యానెల్ చివర పట్టుకుని గుంజితే పిన్ను అడ్డంగా వంగి మొదట్లో విరుగుతుంది. వేళ్లను ప్యానెల్ వెనక్కి పోనిచ్చి, పిన్ను మొదలు ఎక్కడుందో తడిమి, దానికి ఆనుకునే పట్టుకుని తిన్నగా లాగాలి. పాతబడిన రబ్బరు బిగుసుకుపోయి ఉంటే కాస్త సబ్బునీళ్లు పోసి, అటూ ఇటూ సన్నగా కదపాలి. అప్పటికీ రాకపోతే ఎక్కడో ఒక స్క్రూ మిగిలిపోయిందన్నమాట; బలం పెంచకుండా దాన్ని వెతకాలి. ప్యానెల్ వదులైన వెంటనే దూరంగా లాగకూడదు. వెనక ఇండికేటర్ వైర్లు ఉండొచ్చు. తాళం ఆపి, కప్లర్ లాకు నొక్కి, వైరును కాకుండా కప్లర్‌నే పట్టుకుని ఊడదీయాలి.

తీసిన బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది వెనకున్న వైరును కోయొచ్చు, ట్యాంకుకు గుచ్చుకోవచ్చు. అట్టముక్క మీద ప్యానెల్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టడం పాత పద్ధతే అయినా ఇంతకన్నా నమ్మకమైనది లేదు. రంగు వైపు కింద దుప్పటి పరచాలి.

లాకు విరిగినా ముక్క దొరికితే ఏబీఎస్‌కు మార్గముంది: అదే ప్లాస్టిక్ తుంపులను అసిటోన్‌లో కరిగించిన ముద్దతో లోపలి వైపు నుంచి అతకవచ్చు. రంగు మీద అసిటోన్ పడకూడదు. పాలీప్రొపిలీన్‌కు ఇది పట్టదు, దాన్ని వేడితో వెల్డింగ్ చేయించాలి.

బిగించేటప్పుడు ముందు లాకులు గాడిలో కూర్చోవాలి, తర్వాత పిన్నులను అరచేత్తో నొక్కాలి. బోల్టులన్నింటినీ చేత్తోనే రెండు మూడు చుట్లు ఎక్కించి, అన్నీ పట్టాకే ఒక్కొక్కటిగా బిగించాలి. ఒకదాన్ని ముందే బిగించేస్తే మిగతా రంధ్రాలు కలవవు. కొన్ని రంధ్రాల్లో రబ్బరు, దాని లోపల చిన్న ఇనుప కాలర్ ఉంటాయి. బోల్టు ఒత్తిడి ప్లాస్టిక్ మీద పడకుండా ఆపేది ఆ కాలరే. అది పోగొట్టి ఉత్త బోల్టు బిగించిన చోట కొద్ది రోజుల్లోనే రంధ్రం చుట్టూ పగుళ్లు పుడతాయి. త్రెడ్ లాక్ ద్రవం ఏబీఎస్‌కు తగిలినా అది పగలవచ్చు, కాబట్టి ప్యానెల్ బోల్టులకు వాడరాదు.

చివరగా హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడాలి. కేబుళ్లు ప్యానెల్‌కు తగలకూడదు, యాక్సిలరేటర్ వదలగానే వెనక్కి రావాలి. లైట్లు, ఇండికేటర్లు పరీక్షించాలి. బండి నడిపినప్పుడు కొత్తగా గడగడ చప్పుడు వినిపిస్తే ఏదో ఒక లాకు గాడిలో కూర్చోలేదని అర్థం. అప్పుడు బోల్టులు ఇంకా బిగించి లాభం లేదు, వదులు చేసి ఆ లాకును మళ్లీ కూర్చోబెట్టాలి.