ఇందూరు పద్దులో చిందుకు చోటేది?

నిజామాబాద్ (ఇందూరు) జిల్లా బోధన్ మండలం అమ్దాపూర్‌ చిందు భాగవత కళాకారిణి చిందుల ఎల్లమ్మ పేరు వినని తరం ఇప్పుడు ఈ జిల్లాలోనే పెరుగుతోంది. ఆమె ఎల్లమ్మ వేషం కట్టి వస్తే జనం నటిని చూడలేదు, దేవతనే చూసి మొక్కారు. మగ వేషాలూ అంతే ధీమాగా కట్టింది. 2005లో కన్నుమూసింది.

చిందు ఆటంటే ముఖానికి అర్దళం రంగు, నెత్తిన పొనికి కర్ర కిరీటం, భుజాలకు అదే కర్రతో చేసిన భుజకీర్తులు, కాళ్లకు గజ్జెలు, వెనుక మద్దెల, తాళాలు, హార్మోనియం. రాత్రి మొదలైన ఆట తెల్లవారేదాకా సాగేది. ఇది ఒక్కరితో అయ్యే పని కాదు. ఆడేవాళ్లు, పాడేవాళ్లు, వాయించేవాళ్లు కలిస్తేనే మేళం. వాళ్లందరి ఇళ్లలోనూ పొయ్యి వెలగాలి.

ఇన్ని తరాలుగా ఆ పొయ్యిని వెలిగించింది మిరాశి. ఒక్కో చిందు కుటుంబానికి కొన్ని ఊళ్లు హక్కుగా ఉండేవి. ఆ ఊళ్లకు పోయి మాదిగల కులపురాణమైన జాంబపురాణం ఆడటం వాళ్ల బాధ్యత. తిండి పెట్టి, పంట చేతికొచ్చాక గింజలు కొలిచి ఇవ్వడం మాదిగ వాడ బాధ్యత. అది దానం కాదు, ఇచ్చి తీరాల్సిన బాకీ. అదే మిరాశి చిందువాళ్లను కులం నిచ్చెనలో అట్టడుగున కట్టేసింది కూడా. వాళ్ల ఆడవాళ్లు పడ్డ అవమానాలు చిన్నవి కావు. ఆ కట్టుబాటు మళ్లీ రాకూడదు. కానీ అందులో ఒక న్యాయం ఉంది: ఆటకు ఏటా తప్పకుండా అందే వాటా. పేద వాడ ఒక్కటే ఇన్నాళ్లు మోసిన ఆ బాకీని ఇప్పుడు పన్ను కట్టే పట్నమంతా పంచుకోవాలి. నిజామాబాద్ నగరపాలక సంస్థ, బోధన్ మున్సిపాలిటీ తమ బడ్జెట్‌లో స్థానిక కళాకారులకు ఒక పద్దు పెట్టాలి. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా ఆ పద్దు చెరగకూడదు.

సర్కారు సొమ్ము ఏం చేయగలదో ఈ నేలకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. ఆ నీళ్లకు చెరకు పండింది. చెరకు కోసం 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో లేఆఫ్ పడింది. కార్మికుడికి జీతం, రైతుకు చెరకు బిల్లు అందితేనే జాతరకు చందా, మేళానికి పిలుపు. ఆ డబ్బు ఆగినప్పుడు మొదటి కోత పడేది ఆటకే. ఫ్యాక్టరీ తెరిపిస్తామని ఎన్నికలప్పుడల్లా మాట ఇస్తారు. ఆగిపోయిన ఆట గురించి అడిగేవాళ్లే లేరు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనడం అన్యాయం. తెలంగాణ సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు కొలువులు దొరికాయి, తెలంగాణ ఉద్యమంలో గొంతు అరిగినవాళ్లకు అది గౌరవమే. అయితే అక్కడ పని ఎక్కువగా సర్కారు పథకాల ప్రచారం. ప్రచారానికి కూలి ఇవ్వడం వేరు, కళకు అండగా నిలవడం వేరు. వృద్ధ కళాకారుల పింఛను ముసలితనానికి ఆసరా. ఆట నేర్చుకునే ఇరవై ఏళ్ల పిల్లకు దానివల్ల ఒరిగేది లేదు.

ఒకసారి ఇచ్చి మర్చిపోతే ఏమవుతుందో కిన్నెర వాద్యకారుడు మొగులయ్య బతుకు చూపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది, రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. 2024లో ఆయన హైదరాబాద్ శివారులో కూలి పని చేస్తూ కనిపించారు. నెలనెలా వచ్చే 10 వేల గౌరవ వేతనం ఆగిపోయిందని చెప్పుకున్నారు. శాలువా ఎంత ఘనమైనదైనా నెల గడిచేది క్రమం తప్పని రాబడితోనే.

మోరీలు పొంగుతుంటే, రోడ్లు గుంతలు పడితే, ఆటలకు పైసలెక్కడివని అడిగేవాళ్లుంటారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఊరికి పేరు తెచ్చేది రోడ్లొక్కటే కాదు. కవి దాశరథి కృష్ణమాచార్యను నిజాం సర్కారు బంధించింది నిజామాబాద్ ఖిల్లా జైలులోనే. ఆయన బొగ్గుతో గోడ మీద కవిత్వం రాసింది ఇక్కడే. దానివల్ల ఇందూరుకు దక్కిన పేరు ఏ రోడ్డూ తెచ్చిపెట్టలేదు. పైగా ఏ పనికి ఎంత అని చట్టంలోనే రాసుకోవడం మనకు అలవాటే. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పోవాలి. మంచి పని. అదే పద్ధతిలో అర శాతం కళలకు కేటాయిస్తే మోరీల పని ఆగిపోదు.

ఐర్లండ్ 2022లో 2,000 మంది కళాకారులకు వారానికి 325 యూరోల చొప్పున ఇవ్వడం మొదలుపెట్టింది. అర్హులైన వాళ్లలోంచి లాటరీ తీసి ఎంపిక చేశారు. పైరవీకి తావు లేదు. ఏం రాయాలో, ఏం పాడాలో ఎవరూ చెప్పలేదు. పెట్టిన ప్రతి యూరోకు 1.39 యూరోల మేలు సమాజానికి తిరిగొచ్చిందని అక్కడి ప్రభుత్వం చేయించిన లెక్కలో తేలింది. మన ఖజానా అంతటిది కాకపోవచ్చు, పద్ధతి మాత్రం మనం తెచ్చుకోదగ్గదే.

ఇక్కడ అది ఇలా ఉండాలి. చిందు, ఒగ్గు, డప్పు కళాకారులతో పాటు బొమ్మలు గీసేవాళ్లు, నాటకం వేసేవాళ్లు, ఉర్దూ ముషాయిరా కవులు కూడా దరఖాస్తు పెట్టుకోవాలి. బోధన్‌లో ఉర్దూను పక్కనపెట్టి కళ గురించి మాట్లాడలేం. ఎంపిక సంఘంలో సగం మంది కళాకారులే ఉండాలి. పథకాల పాట పాడాలన్న షరతు ఉండకూడదు. మున్సిపల్ హాలు స్థానిక బృందాలకు అద్దె లేకుండా దొరకాలి. ప్రతి సర్కారు బడిలో ఏడాదికి ఒక్క పూటైనా ఆట ఉండాలి, దానికి కూలి అదే రోజు చేతికందాలి. ఆటలు మాని వేరే పనులకు పోయిన చిందు కుటుంబాల పెద్దలకు గురువులుగా నెల జీతం ఇచ్చి, నేర్చుకునే పిల్లలకు ఉపకార వేతనం ఇవ్వాలి. ఎవరికి ఎంత ఇచ్చారో వార్డు ఆఫీసు గోడ మీద అంటించాలి. ఏటా మార్చికి ముందే బడ్జెట్ లెక్కలు తయారవుతాయి కనుక, కార్పొరేటర్లను, కౌన్సిలర్లను ఈ పద్దు గురించి నిలదీయాల్సింది ఆ నెలల్లోనే.